స్ప్రింగు లేని ఫోను

బస్టాండు వెనక టీ కొట్టు బల్ల మీద రిపేరు బావ కాలు మీద కాలు వేసుక్కూర్చున్నాడంటే రెండే కారణాలు. చేతిలో పని లేకపోవడం ఒకటి, చేతిలో ఉన్న పని చెడడం రెండోది. పది రోజులుగా మధ్యాహ్నం మూడున్నర అయ్యేసరికి, ఎదురుగా ఉన్న తన ఫోన్ల రిపేరు కొట్టు షట్టరు దించేసి, తాళం కూడా వేసి, ఇక్కడికొచ్చి కూర్చుంటున్నాడు. నాలుగున్నర దాటితే గాని లేవడం లేదు. రెండిట్లో ఏ కారణమో టీ పిన్ని అడగలేదు. అడిగితే జవాబు గంటన్నర ఉంటుందని ఆవిడకి తెలుసు.

ఆ వేళ సన్నగా వాన పడుతోంది. నాలుగింటికి ఇంకా పది నిమిషాలుందనగా బస్సు దిగి కండక్టరమ్మ వచ్చింది, భుజానికి సంచి, మెళ్ళో విజిలు. వెనకే డ్రైవరన్న. తిరుగు ట్రిప్పు నాలుగూ ఇరవైకి.

"తమ్ముడూ, నా ఫోను?" అంది, ఇంకా కొట్టు చూరు కిందకి రాకుండానే.

"రా అక్కా, కూర్చో. తడుస్తున్నావు. పిన్నీ, అక్కకి వేడిగా ఓ టీ."

"నేను టీ అడగలేదు. మూడు వారాలైంది నీకిచ్చి. వచ్చినప్పుడల్లా రేపు, రేపంటున్నావు. కొండలు పిండి కొట్టమన్నానా నిన్ను? అది మా అమ్మ ఫోను, స్లయిడు పైకి తోస్తే టక్‌మనేది, కిందికి లాగితే టక్‌మనేది, ఇప్పుడు వదులైపోయి చప్పుడు రావడం లేదు, ఆ చప్పుడు తెప్పించు అన్నాను. కాల్స్ వద్దు, సిమ్ము వద్దు, ఆ టక్ ఒక్కటి చాలన్నాను. అన్నానా, లేదా?"

"అన్నావక్కా."

"అయిందా?"

రిపేరు బావ గోడ గడియారం వంక చూశాడు. తర్వాత తన కొట్టు తాళం వంక చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, అయిందా లేదా అన్నది చిన్న మాట. అసలేం జరిగిందో తెలిస్తే ఆ మాట నువ్వే అడగవు."

పక్క కొట్టు టైలరు మాస్టారు, మెళ్ళో టేపుతో ఉన్నవాడు ఉన్నట్టే, బల్ల ఇటు జరుపుకున్నాడు. "మొదలైంది," అన్నాడు తృప్తిగా.

"చూడండీ, నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, ఆ సంగతి మీ అందరికీ తెలుసు... పిన్నీ, నీ దగ్గు ఆగాక చెప్తాను... ఆఁ. ఇప్పటి ఫోన్లున్నాయే, వాటిదేముంది, అద్దం పలక, వేలితో గీకుతూ కూర్చోవడమే, కింద పడితే పగులుతుంది, పడకపోయినా మనసు బాగోక పగులుతుంది. స్లయిడు ఫోను అలాంటిది కాదు. అది మేడ ఇల్లు. పై అంతస్తులో తెర, కింది అంతస్తులో మీటలు. మూసి ఉన్నంతసేపూ ఏమీ ఎరగనట్టు సబ్బుబిళ్ళలా ఉంటుంది. ఆ తెర కింద నెలవంకలా ఓ గుంట ఉంటుంది చూడు, దాంట్లో బొటనవేలు ఆనించి పైకి తోయాలి. సగం దాకా తోయడం మన పని. సగం దాటిందా, ఇక మన చెయ్యి అక్కర్లేదు, లోపల స్ప్రింగు లాక్కుపోతుంది, టక్! కింద నీలం లైట్లో పన్నెండు మీటలు, మధ్యన ఐదు మీద చిన్న బొడిపె, చీకట్లో తడుముకోడానికి. ఎంత ఆలోచించి కట్టారండీ ఆ ఇల్లు! ఆ టక్ విని నేను ఏ కంపెనీదో, ఎన్నేళ్ళదో, వాడినవాళ్ళది కుడిచెయ్యా ఎడంచెయ్యా చెప్పేవాణ్ణి. ఓసారి నాకు నూట మూడు జ్వరం, ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నాను, వీధిలో ఎవరో ఫోనెత్తాడు, టక్. దుప్పట్లోంచే అరిచాను, 'బాబూ, నీ స్లయిడు జారే ఎడంపక్క పట్టా అరిగింది, వారంలో జామవుతుంది' అని. వాడు లోపలికొచ్చి కాళ్ళ మీద పడ్డాడు."

"నీ కాళ్ళ మీదా, మంచం కాళ్ళ మీదా?" అన్నాడు డ్రైవరన్న.

"నాకు జ్వరం కదా అన్నా, చూడలేదు. సరే, అక్క ఫోను తెచ్చింది. సన్నటి వెండిరంగు ఫోను, మూలలు అరిగి లోపలి నలుపు కనబడుతోంది. మూడూ ఆరూ తొమ్మిదీ మీటల మీద అంకెలు చెరగలేదు గాని, ఆ గుంట మాత్రం బొటనవేలి ముద్ర పడేంత అరిగిపోయింది. ఇదేమిటి, ఈవిడ నంబర్లు నొక్కినట్టు లేదు, తోసినట్టే ఉంది, ఇంతలా ఎందుకు తోసిందబ్బా అనుకున్నాను. అనుకుని వెనక మూత తీశాను. ఏడాదిగా ఛార్జింగు పెట్టని ఫోనని అక్క చెప్పింది. చెప్పావు కదూ? ఆన్ చేశాను. బ్యాటరీకి నాలుగు గీతలుండే చోట ఐదు గీతలు!"

"ఐదో గీత ఎక్కడ పట్టింది?" అన్నాడు టైలరు మాస్టారు. కొలతల మనిషి.

"తెర బయట, మాస్టారూ. ప్లాస్టిక్కు మీద వెలుగుతోంది. అప్పుడే నాకు ఒళ్ళు జలదరించింది. అయినా నేను భయపడే రకమా? మూసి బల్ల మీద పెట్టి వేరే పని చూసుకుంటున్నాను. మధ్యలో అప్పుడప్పుడూ టక్‌మనేది, అది పక్కన పెట్టండి, అసలు సంగతి..."

"ఏమనేది?" అంది కండక్టరమ్మ.

"ఏం లేదక్కా. అది వదిలెయ్." రిపేరు బావ గొంతు ఆ ఒక్క మాట దగ్గర ఎందుకో తగ్గింది. గడియారం చూశాడు. నాలుగు కావడానికి రెండు నిమిషాలు. మళ్ళీ గొంతు పెంచాడు. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? మోగింది! సిమ్ము లేదు, సిమ్ము పెట్టే చోట ఖాళీ గుంట, నా కళ్ళతో చూశాను. పట్టపగలు, వీధిలో కూరలబండి వాడు అరుస్తున్నాడు. రాత్రిళ్ళు అయితే ఎవరి ఫోనైనా మోగుతుంది, దాంట్లో నా గొప్పేముంది? తెర మీద నంబరు లేదు, పేరు లేదు. స్లయిడు పైకి తోశాను. తోస్తే చాలు, కాల్ ఎత్తినట్టే కదా ఆ ఫోన్లలో. చెవికి ఆనించాను. ఏం వినపడిందనుకున్నారు?"

"ఏం వినపడింది?" అన్నాడు మాస్టారు, టేపు రెండు చేతుల్తో పట్టుకుని.

"బస్సు. నడుస్తున్న బస్సు. కాని ఖాళీ బస్సు మాస్టారూ. జనం ఉన్న బస్సు చప్పుడు వేరు, ఖాళీ బస్సు చప్పుడు వేరు. సీట్లన్నీ గడగడలాడుతున్నాయి, కిటికీ అద్దాలు వణుకుతున్నాయి, పట్టుకునే కడ్డీలు ఒకదానికొకటి ఏదో చెప్పుకుంటున్నాయి. ఒక్క మనిషి దగ్గు లేదు. నడుస్తూనే ఉంది, ఆగే ఊరే లేనట్టు."

కండక్టరమ్మ సంచి భుజం మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. డ్రైవరన్న టీ గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి ఆపాడు.

మాటలు బాగా పడుతున్నాయని గ్రహించి రిపేరు బావ ముందుకు వంగాడు.

"ఇంకొకడైతే పారిపోయేవాడు. నేను ఫోను వెనక్కి తిప్పాను. కెమెరా ఉంటుంది కదా, స్లయిడు మూసి ఉన్నంతసేపూ లోపల దాక్కుంటుంది, తెరిస్తేనే కళ్ళు విప్పుతుంది. దాని పక్కన కందిబద్దంత అద్దం, మన ఫోటో మనమే తీసుకోడానికి మొహం సరిచూసుకునేందుకు పెట్టారు. ఆ అద్దంలోకి చూశాను. నా స్టూలు ఉంది. స్టూలు మీద నా చొక్కా ఉంది, గుండీలు పెట్టి నిలబడి ఉంది. చొక్కాలో నేను లేను!"

"ఇస్త్రీ చేసి ఉందా బావా?" అన్నాడు డ్రైవరన్న. అన్నాడే గాని నవ్వలేదు.

"నవ్వులాట కాదన్నా. సరే, మనం లేకపోతే పోనీ, ఫోటోలు చూద్దామని లోపలికెళ్ళాను. ఆ ఫోన్లో నలభై ఫోటోలు పడతాయి, నలభై ఒకటోది తీస్తే ఒకటి చెరిపేసుకోమంటుంది, అంత పొదుపైన సంసారం దానిది. నలభై నిండా ఉన్నాయి. మొదటిది తెరిచాను. మా వీధి. చివర్లో నా కొట్టు. లోపల ఆవగింజంత, నా వీపు. రెండోది, అదే వీధి, రెండడుగులు ఇటు. పదోదాంట్లో పిన్ని టీ కొట్టు దాటింది. ఇరవయ్యోదాంట్లో నా గడప. ముప్పయ్యోది నా వీపు వెనకే. నొక్కుతున్నాను, ఆపుదామంటే వేలు ఆగదు. నలభయ్యోది... తెర నిండా నా మెడ. ఈ పుట్టుమచ్చ. దాని మీదున్న ఒక్క వెంట్రుకా, ఎవరో ఊపిరి వదిలినట్టు పక్కకి వంగి ఉంది."

టైలరు మాస్టారు మెడ వెనక చెయ్యి వేసుకున్నాడు. టీ పిన్ని పొయ్యి మంట తగ్గించింది. వాన చప్పుడు రేకుల మీద ఒక్కసారి పెరిగింది.

"వెనక్కి తిరిగావా?" అంది పిన్ని.

"తిరగలేదు పిన్నీ. ఎందుకంటే అప్పుడే ఆ ఫోను, నా చేతిలో, తనంతట తాను జరగడం మొదలెట్టింది. ఎంత జరగాలి స్లయిడు? బొటనవేలంత. ఇది ఆగలేదు. పన్నెండు మీటలు కనబడ్డాయి, కింద ఇంకో పన్నెండు మీటలు! తొమ్మిది తర్వాత పది ఉంటుంది మామూలు లెక్కలో, దాంట్లో తొమ్మిది తర్వాత ఎవరూ ఎరగని అంకెలు, రాసుకొద్దామంటే చెయ్యి తిరగదు, వాటి ఆకారం అలాంటిది. జానెడయింది. మూరెడయింది. బల్ల దాటింది. మాస్టారూ, మీ టేపు చాలదు. కొట్టు దాటి, వెనక గోడ దాటి, గోడకి చిల్లు కూడా పడకుండా అవతలికి పోయింది. నేను ఈ కొస పట్టుకుని నిలబడ్డాను, ఆ కొస ఎక్కడుందో కనబడదు. మీటలన్నీ నీలంగా వెలుగుతున్నాయి, మెట్లలా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఎక్కావు," అన్నారు డ్రైవరన్న, మాస్టారు ఒకేసారి.

"ఎక్కాను! చెప్పులు విడిచి ఎక్కాను, మీటలు పాడవుతాయని. అడుగు వేస్తే ఒక్కో మీటా ఒక్కో స్వరం, పిప్ పిప్‌మని. ఎంతసేపు నడిచానో నాకే తెలీదు. ఇటు కొట్టు లేదు, అటు వీధి లేదు. చివర్లో ఓ గది. బస్టాండులో కూర్చునే హాలు లాంటిది, ఇనప కుర్చీలు వరసగా. నిండా జనం. ఎవరూ మాట్లాడరు. అందరూ ఒక చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, ఇలా, తల కొంచెం వంచి కూర్చున్నారు. చేతుల్లో ఫోన్లు లేవు. వట్టి చేతులు. ఇదేం చోటయ్యా అని ఒకాయన్ని అడిగాను. ఆయన నా మొహం చూడకుండానే చెప్పాడు, 'మధ్యలో కట్ అయిన కాల్సు ఇక్కడికే వస్తాయి, అవతలివాళ్ళు మళ్ళీ చేస్తారేమోనని కూర్చున్నాం' అని."

రిపేరు బావ తన జీవితంలో ఇంత నిశ్శబ్దాన్ని ఎప్పుడూ సంపాదించుకోలేదు. అది తన ప్రతిభ అనుకున్నాడు. కండక్టరమ్మ మొహం వంక చూసి ఉంటే అలా అనుకునేవాడు కాడు.

"మా అమ్మ ఉందా అక్కడ?" అంది ఆవిడ. మామూలుగా ఆవిడ గొంతు బస్సు ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా వినబడుతుంది. ఇప్పుడు బల్ల దాటలేదు.

"ఉందక్కా. కిటికీ పక్క కుర్చీ. నన్ను చూడగానే గుర్తుపట్టింది. 'రా నాయనా, నా ఫోను నీ చేతికొచ్చిందా, ఇక నాకు దిగుల్లేదు' అంది."

"అంది?"

"అంది. ఎంత మంచి గొంతక్కా అది, రేడియోలో వార్తలు చదివినట్టు, ఒక్క అక్షరం జారదు. అరగంట మాట్లాడింది. నీ గురించే. మా అమ్మాయి ఎండలో వానలో నిలబడి పని చేస్తుంది, వేళకి తినదు, చెప్పు నాయనా అంది. చివర్లో నా చెయ్యి పట్టుకుని, 'ఆ ఫోను బాగు చేయించొద్దని చెప్పు, నీ దగ్గరే ఉంచుకో, అది బాగైతే నాకు ఈ కుర్చీ ఉండదు' అంది. నేనేం చెయ్యను? పెద్దావిడ మాట. ఇంతలో ఆ గదిలో వాళ్ళంతా లేచారు, చెవి దగ్గర చేతులు తీసి నా వైపు చాచారు, ఈ ఫోను కోసం. పరుగో పరుగు! పిప్ పిప్ పిప్! కొట్టులోకి దూకి, రెండు చేతుల్తో స్లయిడు లాగి, టక్, మూసేశాను. మూస్తే కాల్ కట్ కదా. అంతే, చేతులన్నీ మాయం. ఇంకొక్క క్షణం ఆగితే ఈ టీ ఎవరు తాగేవారు? అందుకక్కా, ఫోను ఇవ్వలేదు. నా కోసం కాదు. అమ్మ కోసం."

టైలరు మాస్టారు ఊపిరి వదిలాడు. పిన్ని కళ్ళు తుడుచుకుంది, పొగ అని పొయ్యిని తిట్టింది.

కండక్టరమ్మ సంచి పక్కన పెట్టింది. సీట్లో దూరి టిక్కెట్టు తీసుకోనివాణ్ణి చూసినట్టు, తొందరేమీ లేకుండా, రిపేరు బావని చూసింది.

"అరగంట మాట్లాడిందా?"

"అరగంట పైనే."

"మా అమ్మకి గొంతులో గడ్డ లేచింది. ఆపరేషను చేసి గడ్డతో పాటు మాట కూడా తీసేశారు. ఆ తర్వాత నాలుగేళ్ళు బతికింది. నాలుగేళ్ళలో ఒక్క అక్షరం పలకలేదు."

టీ పిన్ని గరిటె పక్కన పెట్టింది.

రిపేరు బావ టీ గ్లాసు పక్కకి జరిపాడు. "అంటే అక్కా... పైకి వెళ్ళాక అక్కడ అన్నీ బాగు చేస్తారు కదా..."

"పైన కూడా నీలాంటి మెకానిక్కే ఉంటే ఏం బాగు చేస్తాడులే. ఇంకోటి చెప్పు. మూసేస్తే కాల్ కట్ అయింది, అందుకే బతికి బయటపడ్డానన్నావు."

"అవును, ఏ స్లయిడు ఫోనైనా అంతే."

"ఆ ఫోను కాదు. స్లయిడు మూస్తే కాల్ కట్ చెయ్యాలా అని లోపల ఓ చోట అడుగుతుంది, నేనే కూర్చుని వద్దని పెట్టాను. మాట లేని మనిషి ఫోన్లో ఏం చేస్తుందనుకున్నావు? నేను మాట్లాడతాను, ఆవిడ వింటుంది. జవాబు స్లయిడుతో చెప్తుంది. బస్సులో నేను కొట్టే గంటే ఆవిడకీ నేర్పాను. ఒక గంటంటే ఆగు. రెండంటే రైట్, పోనీ. స్పీకరు పెట్టి, ఫోను ఒళ్ళో పెట్టుకుని, ఒక టక్ అంటే 'ఆగు, పెట్టెయ్యకు, ఇంకా మాట్లాడు' అని. రెండు టక్‌లంటే 'ఇక చాలు, పో, పని చూసుకో' అని. మూసినప్పుడల్లా కాల్ పోతే రెండో టక్‌కి నేను ఎక్కడుంటాను? ఇవన్నీ తెలీకపోతే పోనీ. ఆన్ చేసి లోపలి సెట్టింగులు ఒక్కసారి చూసినవాడికైనా ఆ సంగతి తెలిసేది. నువ్వు ఆ ఫోను ఆన్ కూడా చెయ్యలేదు తమ్ముడూ. ఐదు గీతలు కాదు కదా, ఒక్క గీత కూడా నువ్వు చూడలేదు."

డ్రైవరన్న నేల వంక చూస్తున్నాడు. ఆవిడ ఆపలేదు. ఆపగలిగేలా లేదు.

"రోజూ నాలుగూ పదికి, ఇక్కడ బస్సు తిప్పుకునే ముందు, ఈ బల్ల మీంచే చేసేదాన్ని. రెండు వచ్చేదాకా పెట్టేసేదాన్ని కాను. నాలుగేళ్ళలో ఒక్క రోజు తప్పలేదు. పోయినేడు వానల్లో, బస్సు నిండా జనం, తలుపుల్లో వేలాడుతున్నారు, ఇదిగో ఈయన హారన్ మీద హారన్. అమ్మా ఇక ఉంటానన్నాను. ఒకటి కొట్టింది. ఆగమని. నేను కట్ చేశాను. ట్రిప్పు ముగించుకుని ఇంటికెళ్ళేసరికి కుర్చీలోనే ఉంది. ఫోను కింద పడి స్లయిడు వదులైపోయింది. ఇక చప్పుడు లేదు. రెండో గంట వినకుండా బయల్దేరిన బస్సు నాది. అర్థమైందా ఎందుకు తెచ్చానో? నాకు ఫోను అక్కర్లేదు. ఆ టక్ కావాలి. ఇప్పుడు చెప్పు. ఏం చేశావు దాన్ని?"

రిపేరు బావ కాలు మీద కాలు తీసేశాడు. చొక్కా జేబులోంచి మడిచిన కాగితం తీసి, విప్పి, బల్ల మీద టీ గ్లాసు పక్కన పెట్టాడు. కాగితంలో కనురెప్ప వెంట్రుకంత స్ప్రింగు. రెండు ముక్కలు.

"మొదటి రోజే విరిగిందక్కా. విప్పుతుంటే ఎగిరి పడింది, నాలుగు రోజులు నేలంతా వెతికితే ఇలా దొరికింది. నా దగ్గరున్న పాత ఫోన్లన్నీ విప్పాను, అలాంటిది లేదు. ఎక్కడా లేదు. నా వల్ల కాదని చెప్పడం నాకు... ఆ మాట నాకు నోరు తిరగదక్కా. ఫోను బల్ల మీదే ఉంది. పై సగం ఒక చోట, కింది సగం ఒక చోట."

"ఇదీ సంగతి," అన్నాడు మాస్టారు. "నలభై ఫోటోలూ, మేడ మెట్లూ, ఖాళీ బస్సూ... అన్నీ ఈ రెండు ముక్కల కోసం!"

"అన్నీ కోతలేనా బావా?" అన్నాడు డ్రైవరన్న. ఆయన గొంతులో కోపం లేదు. అన్నీ అబద్ధమైతే బాగుండునన్న ఆశ ఉంది.

"అన్నీ," అన్నాడు రిపేరు బావ.

అప్పుడు టీ పిన్ని, పది రోజులుగా అడగని మాట అడిగింది. "మరి రోజూ ఈ వేళకి కొట్టుకి తాళం వేసి ఇక్కడెందుకు కూర్చుంటున్నావురా?"

రిపేరు బావ గడియారం చూశాడు. నాలుగూ ఏడు.

"నేనొకటి పక్కన పెట్టమన్నాను," అన్నాడు. ఈసారి చేతులు ఊపలేదు, ముందుకి వంగలేదు, ఎవరు వింటున్నారో చూసుకోలేదు. "అది ఒక్కటే కల్పించలేదు పిన్నీ. అందుకే దాటేశాను. స్ప్రింగు విరిగిన వారానికి మొదలైంది. సగాలు రెండూ వేర్వేరుగా, ఇటొకటి అటొకటి పెట్టి ఉన్నాయి. బ్యాటరీ కూడా తీసేశాను. టక్. ఒక్కటే. ఎలకేమోనని వెతికాను. మర్నాడు మళ్ళీ అదే వేళకి. ఒక్కటే. కొట్టి, ఇక ఏమీ ఉండదు. ఏమీ లేకపోవడమే భరించలేను. ఎవరో జవాబు కోసం ఆగినట్టుంటుంది. మూడో రోజు నుంచి ఆ వేళకి నేను లోపల ఉండడం లేదు."

"ఏ వేళకి?" అంది కండక్టరమ్మ, తెలిసి కూడా.

"నాలుగూ పది."

"ఒక్కటే? సరిగ్గా విన్నావా? రెండు కాదూ?"

"ఒక్కటే అక్కా. నా పిల్లల మీద ఒట్టు."

ఆవిడ లేచింది. చెయ్యి చాపింది. రిపేరు బావ తాళంచెవి ఇచ్చాడు. "అక్కా, నేనూ రానా?" అన్నాడు గాని లేవలేదు. ఆవిడ వానలో రోడ్డు దాటింది. షట్టరు సగానికెత్తి, వంగి లోపలికెళ్ళింది. లైటు వెయ్యలేదు.

టీ కొట్టులో నలుగురూ గడియారం వంక చూడకుండా ఉండడానికి చాలా కష్టపడ్డారు. వాన సన్నబడి, సన్నబడి, రేకుల మీద ఆగిపోయింది.

టక్.

ఎండిన కట్టెపుల్ల విరిచినట్టు, చిన్నది, పొడిది. ఒక్కటే.

"తాళం కింద పెట్టి ఉంటుంది," అన్నాడు మాస్టారు. బల్ల మీద కాగితంలో స్ప్రింగు రెండు ముక్కలూ అలాగే ఉన్నాయి.

కాసేపటికి లోపల్నుంచి కండక్టరమ్మ గొంతు వినబడింది. మాటలు తెలియడం లేదు. ఫోన్లో మాట్లాడేవాళ్ళ తీరు మాత్రం తెలుస్తోంది, కొంత చెప్పడం, ఆగడం, మళ్ళీ చెప్పడం. ఓసారి విసుక్కుంది. ఓసారి ముక్కు ఎగబీల్చింది. ఓసారి చిన్నగా నవ్వింది కూడా. తిరుగు ట్రిప్పు జనం బస్సు చుట్టూ చేరారు, ఎవరో డ్రైవరన్నని కేకేశారు. ఆయన కదలలేదు. హారన్ కొట్టే కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని కూర్చున్నాడు. నాలుగూ ఇరవై దాటింది. నాలుగూ పాతిక దాటింది.

లోపల మాట ఆగింది.

పిన్ని పొయ్యి ఆర్పేసింది.

టక్. టక్.

డ్రైవరన్న బల్ల మీదే ఉన్నాడు, బస్సు ముప్పై అడుగుల దూరంలో ఉంది. అయినా ఆయన కుడికాలు, తనంతట తానే, యాక్సిలరేటరు తొక్కినట్టు చెప్పు కింద తడి నేలని నొక్కింది.